చకోరం వెంట తేలిక జోడు

విద్యార్థి దశలో మరపురాని అనుభవమొకటి రాసి ఇవ్వవలసిందిగా ఈ సంచిక సంపాదకవర్గంలోని విద్యార్థులు నన్ను కోరారు. ఒక జత బూట్లను ఎన్నుకొన్న కథ రాస్తానన్నాను. వారు మర్యాదకు నవ్వు ఆపుకొన్నారు. అధ్యాపకుడు పుస్తకాలను గురించి రాయాలి గాని బూట్లను గురించి రాయడమేమిటని వారి అనుమానం కావచ్చు. కాని నా వరకు నాకు కొన్ని గ్రంథాలకన్న ఆ జోడు ఎక్కువ నేర్పింది. అది నేర్పిన పాఠంలో ఒక భాగం ఈ కళాశాల దరఖాస్తు ఫారానికి కూడా సంబంధించినది. అందుచేత ఇక్కడే చెప్పడం న్యాయమనుకొంటున్నాను.

1993 ఆగస్టులో భూగర్భశాస్త్రంలో పై చదువు నిమిత్తం అమెరికాలోని నెవాడా రాష్ట్రానికి, రీనో నగరానికి వెళ్ళాను. మన కర్నూలు ఎండలకు అలవాటుపడినవాడిని కాబట్టి ఆ దేశంలోకెల్లా అతి తక్కువ వర్షం కురిసే రాష్ట్రమది అని విని సంతోషించాను. వెళ్ళి చూస్తే పొడి నేల నిజమే గాని, చుట్టూ వరుసలు వరుసలుగా నిటారైన కొండలు. చెట్లు లేవు. మోకాలెత్తు సేజ్ పొదలు, ఎండిన గడ్డి, కాలు పెడితే జారిపోయే రాతి గుట్టలు. నేనొక వృద్ధుని ఇంట గది అద్దెకు తీసుకొన్నాను. ఆయన చిన్ననాటి నుంచి గనులలో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న మనిషి. భార్య గతించింది. ఇంట్లో ఆయన, ఒక వేటకుక్క, ఒక పాత తుపాకి మాత్రమే ఉండేవి.

అక్టోబరులో ఒక సాయంత్రం ఆయన వేట నుంచి తిరిగివచ్చి వంటింటి బల్లమీద రెండు పక్షులను పెట్టాడు. బూడిద రంగు ఒళ్ళు, పక్కల మీద నల్లని అడ్డచారలు, కన్నుల మీదుగా కంఠం చుట్టూ దిగిన నల్లని పట్టీ, ఎర్రని ముక్కు, ఎర్రని కాళ్ళు. ఆయన దాని పేరు "చకర్" అన్నాడు. నేను నిర్ఘాంతపోయి "చకోర్!" అన్నాను.

చకోరమంటే మనకు తెలియనిదెవరికి? వెన్నెల తాగి బతికే పక్షి అని మన కావ్యాలు చెప్పగా చదువుకొన్నాము. సుందరి కన్నులకు దాన్ని ఉపమానం చేయని కవి అరుదు. ఉర్దూలోను చకోర్ చంద్రుని ప్రేమించే పక్షియే. పారశీక, ఉర్దూ కవులు "కబ్క్" అనే పేరుతో దాని నడకను మెచ్చుకొని, ప్రేయసి నడకకు పోలిక చెప్పారు. రెండు భాషలలోను ఇంత గౌరవం పొందిన పక్షిని అంతవరకు నేను కంటితో చూడలేదు. దక్షిణ దేశపు గుట్టలలో మనకున్నది కౌజు పిట్ట గాని చకోరం కాదు. మన దేశంలో చకోరపు నెలవు హిమాలయ ప్రాంతమే.

అది నెవాడాకు ఎట్లా వచ్చిందని అడిగితే వృద్ధుడు చెప్పాడు. 1893లో కరాచీ నుంచి అయిదు జంటలను అమెరికాకు తెచ్చారట. ఆ తరువాత, ముఖ్యంగా 1930లలో, ఇంకా అనేకం తెప్పించి పడమటి రాష్ట్రాలలో విడిచారు. నెవాడా కొండలు వాటికి స్వదేశపు కొండలవలె నచ్చాయి. 1947 నాటికి చట్టప్రకారం వేటకు అనుమతి ఇవ్వగలిగినన్ని పెరిగాయి. మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే అక్కడ మన పక్షికి వేట రుతువు మొదలైంది! "ఇది మీ దేశపు బిడ్డ. శనివారం నాతో రా, దాని నడక చూపిస్తాను" అన్నాడాయన. నాకు తుపాకి అక్కరలేదు, వెంట నడిస్తే చాలునన్నాను. "అయితే మంచి బూట్లు కొనుక్కో. ఈ వేటలో తుపాకికన్న బూట్లే ముఖ్యం" అన్నాడు.

ఆయన సలహా అడిగి కొనుక్కొని ఉండవలసింది. నేను ఒంటరిగా వెళ్ళాను. అంగడివాడు చూపిన వాటిలో అన్నిటికన్న లావైన జతను ఎత్తి చూశాను. పిక్క దాకా ఎత్తు, వేళ్ళ మీద ఇనుప కప్పు, అంగుళం మందం అడుగు. చూడగానే ఇక ఏ కొండైనా లెక్కలేదనిపించింది. పైగా వెల తక్కువ. కూర్చునే తొడిగి చూసి, అద్దంలో చూసుకొని కొనేశాను. ఇంటికి వచ్చి తూచితే జత రెండు కిలోల రెండు వందల గ్రాములు. బరువెక్కువైతే గట్టిదనమెక్కువ అని మురిసిపోయాను.

శనివారం తెల్లవారకముందే కొండ మొదలుకు చేరాము. చకోరానికి ఒక విచిత్రమైన పద్ధతి ఉంది. తరిమితే ఎగరదు, కొండమీదికి పరుగెత్తుతుంది. రొప్పుతూ మనం పైకి చేరేసరికి రెక్కలు విప్పి కొండ దిగువకు ఎగిరిపోయి, అక్కడి నుంచి మళ్ళీ "చక్ చక్ చకార్" అని కూస్తుంది. ఒక గంటలోనే నా తొడలు రాళ్ళయ్యాయి. అడుగు తీసి వేయడమే ఒక పని అయింది. రెండవ గంటకు మడమలు లోపల పైకీ కిందికీ కదిలి ఒరుసుకుపోయాయి. దిగేటప్పుడు కాళ్ళు ముందుకు జారి వేళ్ళు ఇనుప కప్పుకు కొట్టుకొన్నాయి. చివరకు ఒక రాతి గుట్ట మీద మందపాటి అడుగు కింద ఏ రాయి కదులుతున్నదో తెలియక జారి పడ్డాను.

అదే సమయానికి పైన కుక్క కాలెత్తి కదలకుండా నిలిచి ఉన్నది. పక్షులు అక్కడే ఉన్నాయనడానికి అది గుర్తు. వృద్ధుడు దానిని చూశాడు, నన్ను చూశాడు. తుపాకి తూటాలు తీసివేసి కిందికి దిగివచ్చాడు. నన్ను భుజం పట్టి వాహనం దాకా నడిపించడానికి రెండు గంటలు పట్టింది. డెబ్బయి ఏళ్ళవాడు ఇరవై నాలుగేళ్ళవాణ్ణి మోసినంత పనైంది. దారిలో ఒక్క మాట నిష్ఠూరం ఆడలేదు. ఇంటికి వచ్చాక నా బూట్లు ఒక చేత, తన బూట్లు ఒక చేత ఎత్తి నాకిచ్చి చూడమన్నాడు. ఆయన జత ఇంచుమించు నా జతలో సగం తూగింది.

ఆ రాత్రి మంచం మీద కూర్చుని లెక్క వేశాను. ఆనాడు నడిచింది పన్నెండు కిలోమీటర్లు. కొండ దారిలో అడుగు అరవై సెంటీమీటర్లనుకొంటే ఇరవై వేల అడుగులు. కాలికి నాలుగు వందల యాభై గ్రాములు అదనమైతే, రోజు ముగిసేసరికి ఉత్తపుణ్యానికి తొమ్మిది వేల కిలోల బరువు ఎత్తి దించినట్టే. వీపు మీది బరువుకన్న పాదాల మీది బరువు నాలుగైదు రెట్లు ఎక్కువ శ్రమ పెడుతుందని శాస్త్రజ్ఞులు కొలిచి తేల్చినట్టు తరువాత తెలిసింది. వీపు మీది మూట మనతో సాగిపోతుంది. కాలి బరువును మాత్రం అడుగు అడుగునా ఎత్తి ముందుకు విసరవలసి ఉంటుంది.

ఇక్కడ నేనొక సంగతి ఒప్పుకోవాలి. మా నాన్నగారు కర్నూలు పాతబస్తీలో బూట్లు కుట్టేవారు. చిన్న దుకాణం, ఒక చాప, ఆరె, కత్తి, మైనం పట్టించిన దారం, గోడకు వేలాడే చెక్క కాలి అచ్చులు. ఆ అచ్చులను ఆయన "కల్బూత్" అనేవారు. ఆ తోలు వాసన మధ్యనే నేను అక్షరాలు దిద్దాను. ఆ వాసన నుంచి దూరంగా పోవాలనే చదువుకొన్నాను కూడా. ఈ కళాశాలలో చేరినప్పుడు దరఖాస్తులో "తండ్రి వృత్తి" అన్న చోట "వ్యాపారం" అని రాశాను. రీనోలో వృద్ధుడు అడిగినప్పుడు "తోలు వ్యాపారం" అన్నాను. అబద్ధం కాదు గాని నిజమూ కాదు. బూట్లు కుట్టేవాని కొడుకు బూట్లు ఎన్నుకోవడం తెలియక కొండమీద పడ్డాడన్న సంగతి ఆ రాత్రి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

సిగ్గుపడుతూనే ఇంటికి ఉత్తరం రాశాను. మూడు వారాలకు ఉర్దూలో ఆయన జవాబు వచ్చింది. మా నాన్నగారు మితభాషి. పండుగకు రాసే ఉత్తరం అర పేజీ దాటేది కాదు. ఇది నాలుగు పేజీలు.

"బేటా, ముందు తెల్లకాగితం మీద నిలబడి నీ రెండు పాదాల చుట్టూ పెన్సిలుతో గీయి. తెల్లవారి లేవగానే ఒకసారి, సాయంత్రం నడిచి వచ్చాక ఒకసారి. ఆ కాగితాలు నాకు పంపు" అని మొదలుపెట్టారు. గీశాను. సాయంత్రపు గీత పొద్దుటి గీతను దాటి ఇంచుమించు ఒక నూలు వెలుపలికి వచ్చింది. కుడికాలు ఎడమకాలికన్న కొంచెం పొడవు. ఇరవై నాలుగేళ్ళు ఆ కాళ్ళ మీదనే నడిచినా నాకు ఈ రెండు సంగతులూ తెలియవు.

తరువాత ఆయన చెప్పినవాటిని నా మాటలలో సంగ్రహిస్తాను. బూట్లు సాయంత్రమే కొనాలి, నడకకు వేసుకొనే ఉన్ని మేజోళ్ళతోనే తొడిగి చూడాలి, పెద్ద కాలికి కొలత చూడాలి. కూర్చుని చూడరాదు. అంగట్లో ఏటవాలు బల్ల ఉంటే దానిమీద, లేకుంటే మెట్లమీద ఎక్కి దిగాలి. దిగేటప్పుడు వేళ్ళు ముందు తగలకూడదు, ఎక్కేటప్పుడు మడమ లేవకూడదు. వేళ్ళ ముందు బొటనవేలి వెడల్పంత చోటుండాలి. బూటును చేత పట్టి వంచితే వేళ్ళు వంగే చోటనే వంగాలి. నడుమ వంగితే రాళ్ళమీద అరికాలు చెడుతుంది, ఎక్కడా వంగకుంటే మడమ ఒరుసుకొంటుంది.

తోలును గురించి రాసేటప్పుడు ఆయన చేతిరాత కూడా మారినట్టనిపించింది. పైభాగానికి క్రోము పదును పెట్టిన తోలు మేలు. అది మెత్తన, తేలిక, తడిసినా త్వరగా పాడుకాదు. కాని పాదం ఆనే లోపలి అట్టకు మాత్రం చెక్క పదును తోలే కావాలి. తంగేడు చెక్కతో, కరక్కాయతో వారాల తరబడి పదును పెట్టిన తోలు కాలి వేడికి కాలి రూపం పొందుతుంది. తోలు పై పొరను గీకి రంగు పూసినదా, సహజమైన పొరతో ఉన్నదా తెలుసుకోవాలంటే బొటనవేలితో నొక్కి చూడాలి. సహజమైన తోలులో సన్నని ముడతలు పడి, వేలు తీయగానే మాయమవుతాయి. ముక్కలు తక్కువ, కుట్లు తక్కువ ఉన్నది చూడు. ప్రతి కుట్టూ నీరు దూరే దారి, తెగే చోటు. నాలుక రెండు వైపులా కుట్టి ఉండాలి, లేకుంటే గడ్డి ముళ్ళు దిగుతాయి. అడుగు జిగురుతో అంటించినది కాక కుట్టినదైతే, అరిగిన తరువాత మార్చుకోవచ్చు.

చివరి పేజీలో అసలు మాట ఉంది. "తేలికగా ఉన్నదల్లా మంచిది కాదు. ఇనుము తీసివేసి తేలిక చేయవచ్చు, అనవసరపు ఎత్తు తగ్గించి తేలిక చేయవచ్చు, మందపు తోలు బదులు మంచి తోలు పెట్టి తేలిక చేయవచ్చు. కాని అడుగు పలచన చేసి, మడమ పట్టు తీసివేసి తేలిక చేసినవాడు నిన్ను మోసం చేశాడన్నమాట. ఎక్కడ తగ్గించాడో చూసి కొను. అద్దంలో చూసి కొనకు."

నేను అద్దంలో చూసి కొన్న సంగతి ఉత్తరంలో రాయలేదు!

ఆ ఉత్తరాన్ని వృద్ధునికి ఒక్కొక్క వాక్యమే ఇంగ్లీషులోకి మార్చి చదివి వినిపించాను. విని, కొంతసేపు మౌనంగా ఉండి, "మీ నాన్న తోలు వ్యాపారి కాదు. బూట్లు చేసే మనిషి" అన్నాడు. అవునన్నాను. "నలభై ఏళ్ళుగా బూట్లు కొంటున్నాను. సాయంత్రం కొనమని నాకెవరూ చెప్పలేదు. ఇంత తెలిసిన తండ్రిని దాచిపెట్టుకోవడమేమిటి?" అన్నాడు. మందలింపుగా అనలేదు, నిజంగానే అర్థం కాక అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

మరునాటి సాయంత్రం ఇద్దరమూ కలిసి వేరొక అంగడికి వెళ్ళాము. అంగడివాడు ఒక జత తెచ్చి, లోపల నీరు చొరని పొర ఉన్నదని, అదే శ్రేష్ఠమని చెప్పాడు. మంచులోను, తడిగడ్డిలోను నడిచేవారికి అది నిజమే. మేము నడిచే కొండలు ఎండినవి, ఆ పొర లోపలి చెమటను త్వరగా బయటికి పోనివ్వదు. కాబట్టి వద్దనుకొన్నాము. మెత్తని క్రేపు అడుగు ఉన్న జత ఒకటి ఎంతో హాయిగా ఉన్నది. అది చదునైన పొలాలలో పూరేడు పిట్టల వేటకు బాగుంటుంది గాని రాళ్ళవాలు మీద నిలవదని వృద్ధుడు తీసివేశాడు. చివరకు ఎనిమిది అంగుళాల ఎత్తు, కుట్టిన అడుగు, లోతైన గాళ్ళున్న రబ్బరు గల జత ఒకటి దొరికింది. తూచితే జత కిలో మూడు వందల గ్రాములు. వెల మాత్రం నా నెల భోజన వ్యయానికి దగ్గరగా ఉన్నది. వారం రోజులు ఆలోచించి కొన్నాను.

ఆ గాళ్ళ రబ్బరు అడుగుకూ ఒక చరిత్ర ఉన్నది. 1935లో ఆల్ప్స్ పర్వతాలలో ఆరుగురు పర్వతారోహకులు మరణించారు. వారి సహచరుడైన విటాలే బ్రమాని అనే ఇటలీ దేశస్థుడు, సరైన బూట్లు లేకపోవడం కూడా దానికొక కారణమని బాధపడి, రాతిని పట్టుకొనే రబ్బరు అడుగును 1937లో రూపొందించాడు. అతని పేరులోని అక్షరాలతోనే "వైబ్రమ్" అనే పేరు వచ్చింది. మనం కాలికింద వేసి తొక్కే వస్తువు వెనుక కూడా ఎవరిదో ఒక దుఃఖమూ, ఎవరిదో ఒక శ్రద్ధా ఉంటాయి.

కొత్త బూట్లతో వెంటనే కొండెక్కవద్దని నాన్నగారు హెచ్చరించారు. రెండు వారాలు తరగతికి, గ్రంథాలయానికి వాటితోనే వెళ్ళాను. సహపాఠులు నవ్వారు. తడిసినప్పుడు పొయ్యి దగ్గర పెట్టక, లోపల కాగితాలు కుక్కి నీడన ఆరబెట్టాను. డిసెంబరులో మళ్ళీ అదే కొండకు వెళ్ళాము. ఎక్కేటప్పుడు తాళ్ళు పైన కొంచెం వదులు, దిగేటప్పుడు చీలమండ దగ్గర బిగువు. ఈసారి అడుగు కింద కదిలే రాయి కాలికి తెలిసింది. మధ్యాహ్నానికి శిఖరం చేరాను.

అక్కడ చూశాను చకోరపు నడకను. పది పన్నెండు పక్షులు రాళ్ళ మధ్య నుంచి, మెడలు నిక్కించి, ఎర్రని కాళ్ళతో చకచక పైకి సాగిపోతున్నాయి. ఒక్క రాయి జారలేదు, ఒక్క అడుగు తడబడలేదు. దాని నడకను పొగిడిన ఆ కవులు దానిని దూరం నుంచి కాదు, కొండెక్కి చూసి ఉంటారనిపించింది. అంతలో గుంపు లేచింది. తుపాకి రెండుసార్లు పేలింది. కుక్క తెచ్చిన పక్షులలో ఒకటి ఇంకా ప్రాణంతో ఉన్నది. బిస్మిల్లా చెప్పి నేనే జబహ్ చేశాను. చేతిలో అది వెచ్చగా ఉన్నది. దాని అరికాలు గట్టిపడి, అరిగి, మా నాన్నగారి అరచేతివలె ఉన్నది. ఆ రాత్రి దాని మాంసం తిన్నాను గాని, మరొకసారి వేటకు వెళ్ళాలనిపించలేదు. కొండకు మాత్రం ఆ మూడేళ్ళూ వెళుతూనే ఉన్నాను.

1996లో తిరిగివచ్చినప్పుడు బూట్లను నాన్నగారి ముందు పెట్టాను. ఆయన కళ్ళద్దాలు సవరించుకొని, కుట్టును గోటితో తడిమి, లోపల చెయ్యి పెట్టి అట్టను నొక్కి చూశారు. "కుట్టు బాగుంది. నాలుక మాత్రం ఒక నూలు పొట్టి" అన్నారు. తలెత్తి చూస్తే గోడ మీద నేను పంపిన పాదాల కాగితాలు మేకులతో కొట్టి ఉన్నాయి. వాటి కింద ఆ కొలతకు కుట్టిన చెప్పుల జత సిద్ధంగా ఉన్నది. తొడిగాను. ఎడమ చెప్పుకన్న కుడి చెప్పు రవంత పొడవు.

నాన్నగారు 2009లో కాలం చేశారు. బూట్లు ఇంకా నా దగ్గర ఉన్నాయి. అడుగు మూడుసార్లు మార్పించాను. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు హద్దులు పెట్టింది. 1991 సవరణతో వేట లైసెన్సులు కూడా పోయాయి. అది మంచిదే అయింది. ఇప్పుడు ఆ బూట్లు తొడుక్కొని విద్యార్థులతో రోళ్ళపాడు మైదానాలలో తిరుగుతాను. కౌజు పిట్టలు తంగేడు పొదలలో దూరుతుంటే దూరం నుంచి చూపిస్తాను. ఆ పొద చెక్కతోనే తోలు పదును పెడతారని కూడా చెబుతాను. అది ఎట్లా తెలుసునని ఎవరైనా అడిగితే, మా నాన్నగారు బూట్లు కుట్టేవారని చెబుతాను.

ప్రియ విద్యార్థులారా! మీలో పూలు అమ్మేవారి పిల్లలు, ఆటో నడిపేవారి పిల్లలు, దర్జీల పిల్లలు, మసీదులో పాఠం చెప్పేవారి పిల్లలు ఉన్నారు. ప్రతి జూన్‌లో దరఖాస్తులు సరిచూసేటప్పుడు "తండ్రి వృత్తి" అన్న గడిలో "వ్యాపారం" అన్న మాట ఎన్నోసార్లు కనిపిస్తుంది. ఆ మాట రాసిన చేతిని నేను గుర్తుపట్టగలను. కళాశాల సంఘం పెద్దలకు కూడా నాదొక విన్నపం. ఆ గడి పక్కన, "తండ్రి వద్ద నేర్చుకొన్న విద్య" అని మరొక గడి చేర్పించండి. అది పూరించవలసి వస్తే పిల్లలు ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి తండ్రి పక్కన కూర్చుంటారు. నేను కూర్చోలేదు. ఆ పాఠం కోసం పదమూడు వేల కిలోమీటర్లు వెళ్ళి ఒక కొండమీద పడవలసి వచ్చింది.